కెమెరా ఉంది... ముఖమేదీ?

వీధి గుమ్మం మీద కెమెరా. హాల్లో టీవీ పక్కన రికార్డరు. ఇక దొంగల భయం లేదనుకుంటాం. తీరా ఓ రాత్రి పోర్టికోలో పెట్టిన బండి మాయమైతే... రికార్డింగు తిప్పి చూసినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి. గేటు తీసిన మనిషి ఉన్నాడు. బండి తోసుకెళ్లడమూ ఉంది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం ఓ తెల్లటి మచ్చ! దాన్ని చూసి పోలీసులు మాత్రం ఏం పోల్చుకుంటారు?

బొమ్మ బాగోకపోతే చాలామంది ముందు కెమెరాని తిట్టుకుంటారు, ఆపైన కొత్తది కొంటారు. నిజానికి చాలాసార్లు లోపం కెమెరాలో కాదు, దాని చుట్టూ ఉంటుంది. కాబట్టి పైసా ఖర్చులేని వాటితో మొదలుపెట్టి వరసగా చూసుకుంటూ రావాలి.

సాలీడు చేసే అల్లరి

మొదట చూడాల్సింది కెమెరా అద్దం. దుమ్ము సంగతి సరే, సాలెగూడు అంతకన్నా పెద్ద బెడద. కెమెరా దగ్గరకు పురుగులు చేరతాయి, వాటికోసం సాలీడు వస్తుంది. ఆ పోగు పగలు కంటికి ఆనదు. రాత్రి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాల కాంతి పడి మెరుస్తూ బొమ్మంతా పొగమంచు కమ్మినట్లు చేస్తుంది. మెత్తటి బ్రష్‌తో దులిపి, కళ్లద్దాలు తుడిచే గుడ్డని కాస్త తడిపి తుడిస్తే సరి. గరుకు గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ఎండకు డోమ్ పసుపెక్కి మసకబారితే దాన్ని మార్చాల్సిందే.

రాత్రి మాత్రమే తేడానా?

పగలు శుభ్రంగా ఉన్న బొమ్మ రాత్రి తెల్లబారుతోందంటే, పక్కనే గోడో, సన్‌షేడో, కుండీలోని ఆకో ఉందేమో చూడండి. ఇన్‌ఫ్రారెడ్ కాంతి దానికి తగిలి వెనక్కి వస్తుంది. కెమెరా ఆ వెలుతురుకి సర్దుకుని, దూరంగా ఉన్న మనిషిని చీకట్లో వదిలేస్తుంది. కెమెరాని కాస్త పక్కకి తిప్పితే చాలు.

చీకటి పడగానే చారలు వస్తున్నా, బొమ్మ ఆగి ఆగి వస్తున్నా కరెంటు సరఫరాని అనుమానించాలి. ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగితే కెమెరా ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. 12 వోల్టుల అడాప్టరు నీరసించినా, తీగ సన్నగా, మరీ పొడవుగా ఉన్నా అది చాలదు. వానకు తడిసి తుప్పుపట్టిన కనెక్టర్లూ ఇలాగే ఇబ్బందిపెడతాయి. ఈ పని టెక్నీషియన్‌కి అప్పగించడమే మేలు.

ఫోన్లో మసక మసకగా...

చాలా మొబైల్ యాప్‌లు డేటా ఆదా కోసం తక్కువ నాణ్యత ఉండే ‘సబ్ స్ట్రీమ్’ని చూపిస్తాయి. ‘హెచ్‌డీ’ లేదా ‘మెయిన్ స్ట్రీమ్’ ఎంచుకుంటే తేడా తెలుస్తుంది. రికార్డరులోనూ ఓసారి చూడాలి. చిన్న హార్డ్‌డిస్క్‌లో ఎక్కువ రోజుల రికార్డింగు పట్టాలని రిజల్యూషన్, బిట్‌రేట్ తగ్గించి పెడుతుంటారు. అప్పుడు ఎంత మంచి కెమెరా కొన్నా లాభం ఉండదు.

దూరానికీ ఓ లెక్కుంది

అన్నీ బాగున్నా ముఖం తెలియడం లేదా? ఒకే కెమెరాతో వీధంతా చూడాలన్న ఆశే కారణం కావచ్చు. ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తించాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలని 2014లో వచ్చిన ఐఈసీ 62676-4 ప్రమాణం చెప్పింది. తెలిసినవాళ్లని పోల్చుకోవడానికి 125 చాలంది. 1080పీ కెమెరా బొమ్మలో అడ్డంగా ఉండేవి 1920 పిక్సెళ్లే. అంటే ఆ మనిషి నిలబడ్డ చోట బొమ్మలో పట్టే వెడల్పు 7.7 మీటర్లు, సుమారు 25 అడుగులు దాటకూడదు. రికార్డయిన బొమ్మని ఎంత జూమ్ చేసినా లేని పిక్సెళ్లు రావు. వీధికో కెమెరా ఉంచి, గేటుకి మాత్రమే గురిపెట్టి మరోటి పెట్టుకోవడం తెలివైన పని. అదీ మరీ ఎత్తున వద్దు... నడినెత్తి తప్ప ముఖం కనపడదు!

ఇంటిల్లిపాదీ చేసే పరీక్ష

ఇవన్నీ చూసుకున్నాక ఓ రాత్రి ఇంట్లో ఒకరు గేటు తీసుకుని గుమ్మం దాకా మామూలుగా నడిచి రండి. తర్వాత ఆ రికార్డింగు వేసి, మధ్యలో ఆపి చూడండి. నడకలో ముఖం అలుక్కుపోతుంటే గేటు దగ్గర ఓ బల్బు వెలిగించి మళ్లీ ప్రయత్నించండి. కొత్తవాళ్లు చూసినా ముఖం పోల్చుకోగలిగేలా ఉంటే కెమెరా పనిచేస్తున్నట్లే. సంక్రాంతికో, వేసవి సెలవులకో తాళం వేసి ఊరెళ్లే ముందు ఈ పని చేస్తే... ప్రయాణంలో సగం బెంగ తగ్గుతుంది!