ఊదారంగు జట్టు విజయవత్సరము

అమెరికావారు ఫుట్‌బాలని పిలుచునది మన పిల్లలు కాలితోఁ దన్నెడి బంతియాట గాదు. కోడిగ్రుడ్డువలె నున్న బంతిని చంక నిఱికించుకొని, అడ్డువచ్చినవారిని త్రోసికొనుచుఁ బరుగిడుటయే దానిలోఁ బ్రధానము. అక్కడి కళాశాలలు కూటములుగా నేర్పడి యేఁటేఁటఁ బోటీపడుచుండును. 'బిగ్ టెన్' అట్టి కూటములలోఁ బేరుగన్నది. టెన్ననఁగాఁ బది, 1995లో సభ్యులు మాత్రము పదునొకండు!

వానిలోఁ బ్రభుత్వముది కాని విశ్వవిద్యాలయము నార్త్‌వెస్టర్న్ ఒక్కటియే. అది షికాగోకు ఉత్తరమున, ఎవాన్‌స్టన్ పట్టణములో, మిషిగన్ సరస్సు నొడ్డున నున్నది. చదువునకుఁ బేరుమోసినను ఆటలో నవ్వులపాలైనది. 1979 మొదలు 1982 వఱకు వరుసగా 34 ఆటలోడెను. ఆ శని వదలిననాఁడు విద్యార్థులు గోలుస్తంభములను బెఱికి మోసికొనిపోయి సరస్సునఁ బడవైచిరి.

1992లో శిక్షకుఁడుగా వచ్చిన గేరీ బార్నెట్, ఈ జట్టును పాసడీనాకుఁ గొనిపోయెదనని పలికెను. కాలిఫోర్నియాలోని యా యూర సంవత్సరాదిని జరుగు 'రోజ్ బౌల్' పోటీలో బిగ్ టెన్ విజేత యాడుట యప్పటి యాచారము. నార్త్‌వెస్టర్న్ అక్కడ నాడి 1949 నాఁటికే కడపటిసారి. బార్నెట్ వచ్చిన మూఁడేండ్లలో గెలిచినవి మొత్తము 8 ఆటలు!

1995 వేసవిలో జట్టులోని యువకుఁడొకఁడు పొరపాటునఁ బ్రేలిన తుపాకికి బలియయ్యెను. ఆ దుఃఖము తోడనే సెప్టెంబరు 2వ తేదిని మహాబలమైన నోటర్‌డామ్ జట్టును 17-15తో నోడించిరి. గెలిచినపుడు తన్ను భుజముల కెత్తుకొనవలదనియు, గెలుపు క్రొత్తగానట్లు నడచుకొనుఁడనియు శిక్షకుఁడు ముందే చెప్పియుండెనఁట. ఈ మాట మాకు మిక్కిలి నచ్చినది. పరీక్ష వ్రాసి వచ్చినదే తడవుగా వీధియెల్లఁ జాటుకొను పిల్లలున్న సోదరీమణులకు దీని విలువ తెలియును.

మఱుసటి యాటలోనే, 28-7తో ముందుండియు, ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయమునకు 30-28తో నోడిరి. ఆ వత్సరమున వారికి నిజమైన పరీక్ష యీ యోటమియే యని మా యభిప్రాయము. పాత యలవాటు మరలఁ దలయెత్తుటకు ఇంతకంటె నదను లేదు. అది తలయెత్తలేదు. తరువాతి తొమ్మిది యాటలును గెలిచిరి. మిషిగన్‌ను వారి యూరనే 19-13తోను, విస్కాన్సిన్‌ను 35-0తోను, పెన్ స్టేట్‌ను 21-10తోను జయించిరి. బంతితో ముందుకుఱుకుటలో మేటియైన డార్నెల్ ఆట్రీ నాటకవిద్య నభ్యసించు విద్యార్థి! ఎదిరిని నిలువరించుటలో మొనగాఁడైన పాట్ ఫిట్జెరాల్డునకు మాత్రము నవంబరు 11వ తేదిని అయోవాతో నాడుచుండఁగాఁ గాలు విఱిగెను. ఇట్టి వార్త విన్న తల్లికి గెలుపు గుర్తుండునా?

కూటములో తమ యెనిమిది యాటలను గెలిచియు వారికి నిశ్చింత లేదు. ఒహాయో స్టేట్ కూడ అంతవఱకు కూటములో నోడలేదు. ఆ యేఁడు వీరిరువురికిని ఆట లేదు. ఒహాయో కడపటి యాట గెలిచినచో పాసడీనా ప్రయాణము వారిదే. వీరి యాటలు ముగిసినవి. ఇఁక కూర్చుండి చూచుటయే పని. నవంబరు 25వ తేదిని మిషిగన్ జట్టు, వీరిచేత నోడిన యా జట్టే, ఒహాయోను 31-23తో నోడించి వీరికి దారి విడిచెను.

1996 జనవరి 1వ తేదిని పాసడీనాలో దక్షిణ కాలిఫోర్నియా జట్టుచేత 41-32తో నోడిరి. ఫిట్జెరాల్డ్ ఆ యాట నాడలేకపోయెను. ఆ సంవత్సరమే శరత్కాలమున ఒహాయో స్టేట్‌తో పాటుగా బిగ్ టెన్ ప్రథమస్థానమును మరలఁ బంచుకొనిరి.