విజ్ఞాన పోస్టర్‌లో మార్కులు దేనికి వేయాలి?

ఏటా ఫిబ్రవరి 28న బడుల్లో జాతీయ విజ్ఞాన దినోత్సవం జరుపుకుంటాం. 1928లో అదే రోజున సర్ సి.వి. రామన్ తన పరిశోధన ఫలితాన్ని ప్రకటించారు. ఆ రోజు పిల్లల పోస్టర్లకు బహుమతులు ఇవ్వడానికి మీలాంటి పెద్దలను, దాతలను పిలుస్తుంటాం. అందుకే ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ల క్రితం న్యాయనిర్ణేతగా నేనే ఒక పొరపాటు చేశాను. షాపులో ప్రింటు వేయించిన ఫ్లెక్సీకి మొదటి బహుమతి ఇచ్చాను. దాని పక్కన ఒక ఏడో తరగతి అమ్మాయి చేత్తో గీసిన చార్టు ఉంది. బడిలో కారే కుళాయి కింద గ్లాసు పెట్టి కొలిచింది. పది నిమిషాలకు 200 మిల్లీలీటర్లు, అంటే రోజుకు 28.8 లీటర్లు వృథా అని లెక్క కట్టింది. ఫ్లెక్సీ తెచ్చిన అబ్బాయిని తర్వాత వివరం అడిగితే, "షాపు అంకుల్ పెట్టారు సార్" అన్నాడు. నా తప్పు అప్పుడు తెలిసింది.

మంచి పోస్టర్‌కు ఒకే ప్రశ్న, దానికి ఆధారం, జవాబు ఉండాలి. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో చేసిన పని ఇదే. చనిపోయినవారి ఇళ్ల దగ్గర మ్యాపు మీద చిన్న గీతలు గీశాడు. ఆ గీతలు ఎక్కువగా బ్రాడ్ వీధి చేతిపంపు చుట్టూ చేరాయి. జబ్బు నీటి ద్వారా వస్తోందన్న ఆయన వాదానికి ఆ మ్యాపు బలమిచ్చింది.

పిల్లలకు మేం చెప్పేది ఇది. శీర్షికను ప్రశ్నగా రాయండి, నాలుగైదు మీటర్ల నుంచి కనబడాలి. మిగతా అక్షరాలు మీటరున్నర దూరం నుంచి చదవగలగాలి. తెల్ల కాగితం మీద పసుపు రంగుతో రాయొద్దు. గ్రాఫుకు కొలమానం తప్పక వేయండి. చుట్టూ కొంత ఖాళీ వదలండి.

మార్కులు వేసేటప్పుడు ముందు అర నిమిషం మౌనంగా చదవండి. విషయం అర్థమైందా చూడండి. తర్వాత రెండే ప్రశ్నలు అడగండి: "ఎలా కొలిచావు?", "నీకింకా తెలియనిదేమిటి?" తెలుగులోనో ఉర్దూలోనో, బిడ్డకు వచ్చిన భాషలో చెప్పనివ్వండి. ఇరవై మార్కులైతే ప్రశ్నకు 4, సొంత కొలతలకు 6, స్పష్టతకు 4, వివరణకు 6 ఇవ్వవచ్చు. ఈ లెక్క పిల్లలకు ముందే చెప్పాలి.

ఫ్లెక్సీ వేయించుకునే స్తోమత అన్ని ఇళ్లలో ఉండదు. దాతలకు నా మనవి ఒక్కటే. ఈసారి షీల్డులకు పెట్టే ఖర్చులో కొంత చార్టులు, స్కెచ్ పెన్నులు, కొలజాడీలు, థర్మామీటర్లకు మళ్లించండి. అప్పుడు పిల్లలందరూ ఒకే గీత మీద నిలబడి పోటీ మొదలుపెడతారు.