నసాళమునకు దిడ్డివాకిలి

వంటింట ఎండుమిరపకాయలు మాడినప్పుడు ఘాటు నసాళమున కంటినదందుము. ఆ మాటను పుట్టించినవా రెవరోగాని, ముక్కునకును మెదడునకును గల సామీప్యమును చక్కగా గుర్తించిరి. కంటి కగపడని లోహపు రేణువులు కొన్ని ఆ దారినే మెదడును చేరగలవని ఇటీవలి పరిశోధనలు తెలుపుచున్నవి.

మెదడునకు ప్రకృతి కట్టిన కోట సామాన్యమైనది కాదు. 1885 లో పాల్ ఎర్లిక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తములోనికి రంగు నెక్కించి చూడగా, తక్కిన అవయవములు రంగు పట్టినవి. మెదడు మాత్రము పట్టలేదు. అందలి సన్నని రక్తనాళముల గోడలలో కణములు సందు లేకుండ అతుకుకొని యుండుటయే ఇందులకు కారణమని తరువాత తేలినది. అయినను ఎంతటి కోటకైనను ఒక దిడ్డివాకిలి యుండును గదా! మెదడునకు ముక్కే దిడ్డివాకిలి. వాసన పట్టు నాడీకణముల ఒక కొన ముక్కు పైభాగమున, పలుచని తేమపొర మాటున, మనము పీల్చు గాలి కెదురుగా నుండును. రెండవ కొన జల్లెడవలె చిల్లులున్న ఎముకగుండ పైకి పోయి, మెదడు అడుగున నున్న ఘ్రాణకందమును చేరును. ఆ నాడీతంతువు మందము మిల్లీమీటరులో సుమారు 5,000 వ వంతు.

దానిలో దూరగల రేణువు లున్నవా? ఉన్నవి. మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసిన ఒక భాగము నానోమీటరు. 100 నానోమీటర్లకు లోబడిన రేణువులను నానోకణము లందురు. లోహము కాగి ఆవిరియై మరల చల్లారునపు డివి పుట్టును. మా వీధి మలుపున ఇనుప గేట్లకు వెల్డింగు చేయు యువకుని చుట్టు లేచు నీలిపొగలో ఇవి కోట్లకొలది యుండును. మోటారు బండ్ల పొగలోను, బ్రేకుల ఒరపిడికి రాలు ధూళిలోను గూడ కలవు.

అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయమువారు 2006 లో ప్రకటించిన ప్రయోగము మిక్కిలి ముచ్చటైనది. 30 నానోమీటర్ల మాంగనీసు ఆక్సైడు రేణువులు గల గాలిని ఎలుకలచేత 12 దినములు పీల్పించిరి. ఊపిరితిత్తులలో మాంగనీసు రెండింతలు కాగా, ఘ్రాణకందములో మూడున్నర యింతలయినది. ఆ రేణువులు ఊపిరితిత్తులనుండి రక్తములో గలిసి అచటికి పోయినవేమో యని శంకింపవచ్చును. వారు కుడి ముక్కుపుటమును మూసి మరల చూచిరి. ఈ మారు మాంగనీసు ఎడమవైపు ఘ్రాణకందములో మాత్రమే చేరినది! రక్తము మోసికొనిపోయినచో రెండు వైపులకును చేరియుండవలెను. చేరిన చోట వాపును సూచించు పదార్థములును హెచ్చినవి.

మాంగనీసు మన కెరుగని లోహము గాదు. విజయనగరము ప్రాంతమున పందొమ్మిదవ శతాబ్ది చివరనుండి త్రవ్వుచు వచ్చిన ఖనిజమే. శరీరమునకు అణుమాత్రము కావలసినదే. హెచ్చైనచో మాత్రము నడక తూలును, మాట సన్నగిల్లును. 1837 లోనే గ్లాస్గోలో జాన్ కూపర్ అను వైద్యుడు ఈ ఖనిజమును నూరు కూలీలలో ఈ లక్షణములను చూచి వ్రాసియుంచెను.

ఎలుకలమాట యటుంచి, మనుష్యుల సంగతి యేమి? 2016 లో లాంకాస్టరు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞురాలు బార్బరా మేహర్, ఆమె సహచరులు, మెక్సికో నగరమునకును మాంచెస్టరునకును చెందిన 37 గురు మృతుల మెదళ్లను పరీక్షించి, అయస్కాంతగుణము గల ఇనుప ఆక్సైడు రేణువులను కనుగొనిరి. శరీరమున సహజముగా నేర్పడు స్ఫటికములకు కోణము లుండును. వీరు చూచినవానిలో పెక్కులు మంటలో కరగిన బొట్లవలె గుండ్రనివి. వానితోపాటు ప్లాటినము గూడ కనబడినది. శరీరము తనంత తాను ప్లాటినమును చేసికొనదు గదా! మెదడు కణములలో సహజముగా పుట్టు హైడ్రోజన్ పెరాక్సైడుతో ఇనుము కలిసినప్పుడు ఉగ్రమైన రసాయనములు పుట్టి కణపు పొరలను చెరచును. అట్లని ముదిమిలో వచ్చు మతిమరుపు వ్యాధికి ఈ రేణువులే కారణమని తీర్మానించుట తొందరపాటు. అది రుజువు కాలేదు. పైగా ఎలుక ముక్కు లోపలి పొరలో దాదాపు సగము వాసన పట్టునది. మనకు నూటికి 5 వంతులే. కాబట్టి ఎలుక లెక్కలను ఉన్నవున్నట్లు మనకు అన్వయింపరాదు.

మా వీధిలోని యువకుడు కన్నులకు నల్లద్దము పెట్టుకొని, ముక్కునకు తువాలు చుట్టుకొనును. ఆ నేతలో పోగుల నడిమి సందు ఈ రేణువుకంటె వేలరెట్లు పెద్దది. పొగను పుట్టిన చోటనే గొట్టముతో లాగివేయు పంకా యున్న కర్మశాలలో అది చాలవరకు ముఖముదాక రాదు. పంకా లేని చోట, పొగ తనవైపు రాకుండ గాలి వచ్చు వైపున నిలుచుండి పని చేయుమని అతనితో చెప్పితిని. మరునాడు గేటును వీధిలోనికి జరుపుకొని పని సాగించుచుండెను.