చెయ్యి వణికింది... చెట్టు చెదిరింది!

"ఈ కాపు దించగానే చెట్లు కొట్టించేస్తున్నారే. నన్నూ ఆ చెట్టునూ కలిపి ఒక్క ఫొటో తీసిపెట్టవూ!" అని ఉంగుటూరు నుంచి మా మేనత్త ఫోను చేస్తే, అదేమంత పని అనుకున్నాను. కెమెరా సంచీ భుజాన వేసుకుని, గన్నవరంలో బస్సు దిగి, ఆటోలో వెళ్లి వాలాను. రసాలూ బంగినపల్లీ కలిసిన పాత తోట అది. మావయ్య స్వయంగా నాటిన చిన్న రసం చెట్టు కింద అత్తయ్యను కూర్చోబెట్టి, కాస్త దూరం నుంచి పాతిక ఫొటోలు తీశాను. రాత్రి తీరిగ్గా చూసుకుంటే ఏముందీ... మొహం, కాయలు, ఆకులు అన్నీ అలుక్కుపోయి ఉన్నాయి!

తప్పు కెమెరాది కాదు. మామిడి చెట్టు కింద మిట్టమధ్యాహ్నం కూడా చిక్కటి నీడే. వెలుతురు తక్కువైతే షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఆ కాసేపట్లో చెయ్యి ఏమాత్రం కదిలినా బొమ్మ చెదురుతుంది. చేత్తో పట్టుకుని తీసేవాళ్లకి ఓ పాత లెక్కుంది. 200 మిల్లీమీటర్ల లెన్సు వాడితే షట్టర్ వేగం సెకనులో 200వ వంతుకన్నా నెమ్మదించకూడదు. నేను తీసింది 50వ వంతులో!

1892లో రాజా దీన్ దయాళ్ హైదరాబాదులో పరదా చాటు ఆడవాళ్ల కోసం జనానా స్టూడియో తెరిచారు. దాన్ని నడిపిందీ ఓ ఆంగ్ల మహిళే. ఆ రోజుల్లో పెద్ద కెమెరాలకు స్టాండు తప్పనిసరి. ఇప్పుడు కెమెరా అరచేతిలోకి వచ్చేసరికి ఆ సంగతి మరిచిపోయాం.

మూడు కాళ్ల స్టాండు తీసుకెళ్లొచ్చుగా అంటారా? కొమ్మలు నేలకు వంగిన చోట కాళ్లు పరవడానికి జాగా ఉండదు. పెళ్లిళ్లలోనైతే ఎవరి కుచ్చిళ్లో తట్టుకుంటాయి. ఇలాంటప్పుడు పనికొచ్చేదే మోనోపాడ్. ఒకటే కాలు. ముడిస్తే చంకలో ఇమిడిపోతుంది. సెల్ఫీ కర్రనూ కొందరు ఇదే పేరుతో అమ్ముతుంటారు, చూసి కొనండి. అది చేత్తో చాచేది, ఇది నేలకు ఆనించేది.

ఒంటికాలితో అదెలా నిలబడుతుందీ అంటే, నిలబడదు. మిగతా రెండు కాళ్లూ మీవే! పాదాలు కాస్త ఎడంగా పెట్టి, కర్ర మొనను మీకు కొంచెం ముందుగా ఆనించండి. మూడూ కలిసి ముక్కాలిపీటలా కుదురుకోవాలి. కెమెరా కంటి ఎత్తుకు వచ్చాక మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కెమెరాను కిందికి కొద్దిగా అదమండి. ఊపిరి వదులుతూ మీట మెల్లగా నొక్కండి, పొడవకండి. కర్రను పొడిగించేటప్పుడు లావు గొట్టాలు ముందు లాగాలి, సన్నవి చివర్న. బరువైన లెన్సుకు పట్టీ ఉంటే కర్రను దానికే బిగించాలి, కెమెరాకు కాదు.

ఇలా చేస్తే సుమారు నాలుగో వంతు వేగంతోనూ ఫొటో నిలుస్తుంది. అంటే నేను పాడుచేసుకున్న ఆ 50వ వంతే సరిపోయేదన్నమాట! అయితే గాలికి ఊగే కొమ్మను ఏ స్టాండూ ఆపలేదు, గాలి తగ్గేదాకా ఆగాల్సిందే. సెకన్ల తరబడి షట్టర్ తెరిచి తీసే రాత్రి ఫొటోలకైతే మూడు కాళ్లే శరణ్యం.

ఇదంతా అత్తయ్యకు చెప్పి, "మోనోపాడ్ బెజవాడలో ఇంట్లోనే ఉండిపోయింది" అని నొచ్చుకున్నాను. ఆవిడ పెరట్లోకి వెళ్లి, కాయలు కోసే వెదురు గెడ తెచ్చి చిక్కం విప్పేసింది. "ఇదీ ఒంటికాలేగా!"

మర్నాడు పొద్దున్నే గెడను నేలకు గుచ్చి, ఎడమచేత్తో గెడనూ లెన్సునూ కలిపి బిగించి పట్టుకున్నాను. గాలి ఆగినప్పుడల్లా ఒకటి చొప్పున తీశాను. పన్నెండింట్లో తొమ్మిది నిలిచాయి.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది. "నా మొహానికేంగానీ... ఇదుగో, ఈ కాయ మీద సొన మచ్చ కూడా తెలుస్తోందే!" అంది.