నేల కుంగిందా, కడలి పొంగిందా?

"బెజవాడ ఎండలు కొత్తవా ఏమిటండీ?" అంటారు మా చరిత్ర లెక్చరరుగారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్‌నగరును ముంచింది ఆక్రమణల వల్లనేనట. భూతాపం వల్ల కాదట. ఆక్రమణల మాట నిజమే. కాని వేడెక్కిన గాలి డిగ్రీకి నూటికి సుమారు ఏడు పాళ్లు అధికంగా తేమ పట్టగలదు. అదంతా కుండపోతగా దిగితే, ఆక్రమణలు లేని ఏరు మాత్రం గట్టు దాటదూ?

దివిసీమ వెళితే ఇంకో వాదం: "సముద్రం పెరగలేదు, నేలే కుంగింది." ఇందులోనూ సత్యముంది. శ్రీశైలం, నాగార్జునసాగరం వంటి ఆనకట్టలు కృష్ణమ్మ తెచ్చే ఒండ్రును ఎగువనే ఆపేశాయి. కొత్త మట్టి పడని డెల్టా కుంగుతుంది. అయితే కడలి మట్టం పెరగడమూ కొలిచి చూసిన సంగతే. రెండూ కలిసివస్తే చేలకు ఉప్పునీరు తప్పదు.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన నాగాయలంక పెద్దాయన ఒకరు ఈ వాదాలన్నీ ఓపికగా విని, "కరకట్ట ఎంత ఎత్తు పెంచుతారట, మాస్టారూ?" అన్నారు.