డాబా మీది డిష్‌కి లెక్కల కాపలా

సీరియల్ అసలు మలుపుకి వచ్చేసరికి టీవీలో బొమ్మ ముక్కలు ముక్కలై ఆగిపోతుంది. వాన పడుతుంటే సరే, కారణం అందరికీ తెలిసిందే. ఎండ కాస్తుండగా ఆగితే? ఏటా మార్చిలో ఒకసారి, సెప్టెంబరు నెలాఖరుకో అక్టోబరు మొదట్లోనో ఇంకోసారి, సూర్యుడు సరిగ్గా మన ఉపగ్రహం వెనక్కి వస్తాడు. ఆ కాసిని నిమిషాలూ డిష్‌కి సూర్యుడి రొద తప్ప ఇంకేం వినపడదు. దాన్నెవరూ ఆపలేరు. కానీ ఒక ఉపగ్రహం మాటకి ఇంకో ఉపగ్రహం అడ్డం రావడమనేది ఒకటుంది. దాన్ని మాత్రం ముందే కంప్యూటర్లో లెక్కకట్టి ఆపొచ్చు.

ఆగ్నేయం వైపు చెవి

డీడీ ఫ్రీ డిష్ చానళ్ళు మనకి జీశాట్-15 నుంచి వస్తాయి. 2015 నవంబరులో వెళ్ళిన ఈ ఉపగ్రహం భూమధ్యరేఖకి 35,786 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. భూమితో సమానంగా తిరుగుతుంది కాబట్టి మనకి కదలనట్టే. హైదరాబాదు నుంచి చూస్తే అది ఆగ్నేయం. వంటిల్లూ ఆగ్నేయమే, డిష్షూ ఆగ్నేయమే! వాస్తుకీ దీనికీ సంబంధం లేదు లెండి.

అంత దూరం నుంచి వచ్చేసరికి సిగ్నల్లో ఏం మిగులుతుందంటారు? ఒక వాట్‌ని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒకటో రెండో. అందుకే పక్కనుంచి చిన్న గుసగుస వచ్చినా డిష్‌కి ఇబ్బందే.

లింకు కట్టడమంటే

సాఫ్ట్‌వేర్‌లో ముందు 'కావలసిన లింకు' కడతారు. మాట్లాడేది ఎవరు, ఎంత బలంగా. వినేది ఎవరు, ఏ సైజు డిష్‌తో. మధ్యలో దూరమెంత, వాన ఎంత తినేస్తుంది. దారిలో జరిగే నష్టమే దాదాపు 205 డెసిబెళ్ళు. 10 డెసిబెళ్ళు పోతే బలం పదో వంతుకి పడిపోయినట్టు. ఇక 205 అంటే మీరే ఊహించుకోండి.

తర్వాత 'అడ్డొచ్చే లింకులు'. వినేది అదే డిష్, మాట్లాడేది వేరేవాళ్ళు. స్టార్‌లింక్ లాంటి ఇంటర్నెట్ ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున వేల సంఖ్యలో తిరుగుతున్నాయి. ఇంటి కనెక్షన్లకి సిగ్నల్ పంపడానికి అవి వాడే 10.7 నుంచి 12.7 గిగాహెర్ట్జ్‌లోనే మన డీటీహెచ్ కూడా నడుస్తోంది. సాఫ్ట్‌వేర్ వీటన్నిటినీ క్షణక్షణం జరుపుకుంటూ పోతుంది. ప్రతి అడుగులోనూ ఒక్కోటీ డిష్ చూపుకి ఎన్ని డిగ్రీల పక్కన ఉందో, అక్కణ్ణించి ఎంత రొద చేరుతుందో తీసి, మొత్తం కూడుతుంది. ఈ కూడికలో డెసిబెళ్ళని మామూలు అంకెల్లా కలిపేస్తే మాత్రం బోల్తా పడ్డట్టే! రెండు సమానమైన రొదలు కలిస్తే పెరిగేది 3 డెసిబెళ్ళే.

అడుగు ఎంత పెట్టాలన్నదీ ముఖ్యమే. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు 3 డిగ్రీలు. కింది ఉపగ్రహం దాన్ని నాలుగైదు సెకన్లలో దాటేస్తుంది. నిమిషానికోసారి లెక్క వేశారనుకోండి, అడ్డొచ్చిన క్షణాలే లెక్కలోకి రాకపోవచ్చు. కాగితం మీద అంతా సవ్యంగానే కనపడుతుంది, ఇంట్లో బొమ్మ మాత్రం ఆగిపోతుంది.

ఏ డిష్‌ని లెక్కలో పెట్టారు?

నన్నడిగితే అసలు పేచీ ఇక్కడే. పెద్ద డిష్ చూపు సన్నం, పక్కమాటలు పెద్దగా వినదు. డాబాల మీది చిన్న డిష్ చూపు వెడల్పు. టీవీ స్టేషన్లో ఉండే 3 మీటర్ల డిష్‌ని ఒక్కదాన్నే మోడల్లో పెట్టి "అడ్డమేమీ లేదు" అంటే అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. అందుకే అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం, అంటే ఐటీయూ, ప్రసారాల బ్యాండులో 30 సెంటీమీటర్ల నుంచి 300 సెంటీమీటర్ల దాకా ఒక్కో సైజు డిష్‌కీ ఒక్కో పరిమితి పెట్టింది. 1997లో జెనీవాలో తాత్కాలికంగా, 2000లో ఇస్తాంబుల్‌లో ఖాయంగా. పరిమితి దాటకుండా ఉండాలంటే, మన పెద్ద ఉపగ్రహాల వరసకి అడ్డంగా వచ్చేటప్పుడు కింది ఉపగ్రహం ఆ వైపు మాట్లాడ్డం ఆపి, పని పక్కదానికి అప్పజెప్పాలి.

ఈ పరిమితులు మరీ బిగుతుగా ఉన్నాయని ఇంటర్నెట్ ఉపగ్రహాలవాళ్ళు, సడలిస్తే మా గతేంటని పాతవాళ్ళు వాదించుకుంటూనే ఉన్నారు. 2023లో దుబాయి సదస్సులోనూ ఇదే వాదన. కేబులు చేరని పల్లెకి ఇంటర్నెట్ రావద్దని ఎవరంటారు? కాకపోతే నెలనెలా డబ్బు కట్టలేక ఫ్రీ డిష్ పెట్టుకున్న ఇల్లాలు ఆ సదస్సులో కూర్చోదు. అక్కడ ఆవిడ తరఫున మాట్లాడేది మోడల్లో రాసిన '60 సెంటీమీటర్లు' అన్న ఆ అంకె ఒక్కటే.

అమ్మాయిలూ, ఇటు చూడండి!

2011లో ఎగిరిన జీశాట్-12కి ప్రాజెక్టు డైరెక్టర్ టి.కె. అనురాధ. 1865లో పుట్టిన ఐటీయూకి తొలి మహిళా సెక్రటరీ జనరల్‌గా డోరీన్ బోగ్డాన్-మార్టిన్ 2023 జనవరిలో బాధ్యతలు తీసుకున్నారు. రాకెట్ల దగ్గర నిలబడితేనే అంతరిక్షం పని అనుకోనక్కర్లేదు. ఈసీఈ చదివినవాళ్ళకీ, ఎమ్మెస్సీ లెక్కలో ఫిజిక్సో చేసినవాళ్ళకీ ఈ లింకుల పని అందుతుంది. త్రికోణమితి, లాగరిథమ్స్, సంభావ్యత గట్టిగా వస్తే చాలు. కింది ఉపగ్రహాల రొదని ఎలా లెక్కకట్టాలో చెప్పే ఐటీయూ పత్రం ఎస్.1503ని ఇంటర్నెట్లో ఉచితంగానే దించుకోవచ్చు.

మొదటి లెక్క ఇప్పుడే చేసి చూస్తారా? దూరాన్ని కిలోమీటర్లలో, ఫ్రీక్వెన్సీని మెగాహెర్ట్జ్‌లో తీసుకోండి. రెంటికీ పది ఆధారంగా లాగరిథమ్ తీసి, ఒక్కోదాన్ని 20తో హెచ్చవేసి కూడండి. దానికి 32.44 కలపండి. 35,786కీ 12,000కీ 205 చిల్లర వస్తే సరిగ్గా వేసినట్టే.