పల్లీలు ‘పడవు’ అంటే?

‘‘మా బాబుకు పల్లీలు పడవండీ’’... ఓపీలో తరచూ వినిపించే మాట ఇది. తింటే ఏమవుతోందని అడిగితే కొందరు ‘పైత్యం చేస్తుంది, కడుపు బరువుగా ఉంటుంది’ అంటారు. ఇంకొందరు ‘పెదవులు వాచాయి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి’ అంటారు. మాట ఒకటే గానీ సమస్యలు వేరు. మొదటిదానికి భయపడి మంచి ఆహారాన్ని వదులుకోవద్దు. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

గుప్పెడు చాలు

వేరుశనగ కందులు, పెసల మాదిరిగా పప్పుజాతి పంట. 30 గ్రాముల పల్లీల్లో సుమారు 7 గ్రాముల ప్రొటీన్, 170 కేలరీలు ఉంటాయి. కొవ్వు ఎక్కువే అయినా చాలావరకు గుండెకు మేలు చేసే రకమే. పీచు, ఫోలేట్, నియాసిన్, మెగ్నీషియం, విటమిన్-ఇ కూడా లభిస్తాయి. కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి ఎక్కువగా తింటే కడుపు బరువెక్కుతుంది. ఇది అలర్జీ కాదు. తగ్గించి తింటే సరిపోతుంది. బూజు పట్టినవి, రంగు మారినవి, చేదుగా ఉన్నవి మాత్రం పారేయాలి. వాటిలోని అఫ్లాటాక్సిన్ అనే విషపదార్థం వేయించినా పూర్తిగా పోదు.

అలర్జీ అయితే?

మన రోగనిరోధక వ్యవస్థ పల్లీల్లోని ప్రొటీన్‌ను శత్రువుగా పొరబడటమే అలర్జీ. కొంచెం తిన్నా చాలు, సాధారణంగా నిమిషాల నుంచి 2 గంటల్లోపే దద్దుర్లు, దురద, ముఖం వాపు, వాంతులు మొదలవుతాయి. గొంతు బిగుసుకోవటం, పిల్లికూతలు, ఆయాసం, స్పృహ తప్పటం వంటివి ఉంటే ప్రాణాపాయం. దీన్నే అనాఫిలాక్సిస్ అంటారు. ఇందుకు మొదటి చికిత్స తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. అలర్జీ మాత్ర వేసి చూద్దామని ఇంట్లో ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఈలోపు రోగిని పడుకోబెట్టి, కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి. ఆయాసంగా ఉంటే కూర్చోబెట్టాలి. నడిపించొద్దు.

ఇంట్లో జాగ్రత్తలు

* ‘కొద్దికొద్దిగా పెడితే అదే అలవాటవుతుంది’ అని సొంతంగా ప్రయత్నించొద్దు.

* చట్నీ, పులిహోర, గుత్తివంకాయ, చిక్కీ, పొడుల్లో పల్లీలు ఉంటాయి. పెళ్లిళ్లలో, హోటళ్లలో అడిగి తినాలి. గానుగ నూనెలోనూ ప్రొటీన్ మిగిలి ఉండొచ్చు. బడిలో టీచరుకు ముందే చెప్పాలి.

* రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు. తిన్నప్పుడు ఏం జరిగిందన్నదే కీలకం. సుమారు ఐదుగురిలో ఒకరికి పెద్దయ్యేకొద్దీ అలర్జీ పోవచ్చు కూడా. అది డాక్టరే తేల్చాలి.

పసిపిల్లలకు పెట్టొచ్చా?

అలర్జీ వస్తుందని పల్లీలను ఆలస్యం చేయటం ఒకప్పటి సలహా. తీవ్రమైన ఎగ్జిమా, గుడ్డు అలర్జీ గల పసిపిల్లలపై బ్రిటన్‌లో చేసిన అధ్యయనం 2015లో దాన్ని తిరగరాసింది. ఏడాదిలోపే పల్లీలు అలవాటు చేసిన పిల్లల్లో అలర్జీ సుమారు 80% తగ్గింది. ఇలాంటి సమస్యలున్న పిల్లలకు ముందు డాక్టర్‌ను అడగాలి. మిగతావారికి ఆరు నెలలు దాటాక మెత్తటి పొడిని జావలో కలిపి కొంచెంగా మొదలుపెట్టొచ్చు. అయిదేళ్లలోపు పిల్లలకు గింజలు మాత్రం అలాగే ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడే ప్రమాదముంది.

ఈసారి ఎవరైనా ‘పడదు’ అంటే రెండు విషయాలు అడగండి. ఏమైంది? తిన్న ఎంతసేపటికి? ఆ జవాబులే మాకు సగం దారి చూపిస్తాయి.